రెండు రోజుల బాస్కెట్‌బాల్ రిఫరీ క్లాసుకి వెళ్ళొచ్చాను, షాట్ ఫౌల్ ఎలా చూడాలో ఇప్పటికి తెలిసింది

ముందే చెప్పేస్తున్నానండీ, ఈ క్లాసుకి 5 కి 4 ఇస్తాను. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానో కింద రాస్తాను గానీ, 20 ఏళ్ళుగా ఆడుతూ, పిల్లల్ని ఆడిస్తూ, పండగ టోర్నమెంట్లకి విజిల్ పట్టుకుని తిరుగుతున్న నాకు షాట్ ఫౌల్ గురించి, అంటే రింగులోకి బాల్ కొడుతున్నవాణ్ణి ఫౌల్ చెయ్యడం గురించి, సగమే తెలుసని ఈ రెండు రోజుల్లో తెలిసొచ్చింది. ఆ మిగతా సగం 600 రూపాయలకి నేర్పారంటే నా వరకు చాలా చౌక. పెట్టినవాళ్ళ పేరు ఇక్కడ రాయను, వాళ్ళకి చెప్పాల్సినవి ఫోన్ చేసి చెప్పాను.

ఎందుకెళ్ళానో చెప్తే గానీ మిగతాది అర్థం కాదు. పోయిన సంక్రాంతికి, కనుమ రోజున, ఒక ఊళ్ళో ఫైనల్. సిమెంటు కోర్టు, ఒక పక్క కొబ్బరిచెట్లు, ఇంకో పక్క కాలవ గట్టు, గట్టు నిండా జనం. ఇంకా 20 సెకన్లుంది. ఒక పాయింటు వెనకబడ్డ టీములో ఒక కుర్రాడు, ఇంటర్ చదువుతుంటాడేమో, ఎడమ పక్కనించి దూసుకొచ్చాడు, డ్రిబుల్, అంటే బాల్‌ని నేలకి కొడుతూ రావడం, ఆపి బాల్ రెండు చేతుల్లోకి తీసుకున్నాడు, మొదటి అడుగేశాడు, రెండో అడుగు పడేలోపు డిఫెండర్ మోచేతి మీద ఒక్కటిచ్చాడు. విజిల్ కొట్టాను, పిడికిలి ఎత్తాను, అంతవరకూ బానే ఉంది. తర్వాత వేలు నేలకేసి చూపించాను, అంటే షాట్‌లో లేడు, మామూలు ఫౌల్ అని. ఆ క్వార్టర్లో అవతలి టీముకి అది మూడో ఫౌలే కాబట్టి ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డం లేకుండా కొట్టనిచ్చే షాట్లు, రావు, సైడ్ బాల్ ఇచ్చాను. సైడ్ నుంచి వేసిన బాల్ చేజారిపోయింది, మ్యాచ్ అయిపోయింది.

కుర్రాడు ఏమీ అనలేదు. వాళ్ళ బాబాయనుకుంటా, గట్టు దిగొచ్చి "మాస్టారూ, మావాడు అప్పటికే షాట్‌కి వెళ్ళిపోయాడు కదండీ" అన్నాడు. గొడవకొచ్చిన గొంతు కాదండి, నిజంగానే అడిగాడు. "ఇంకా పైకి లేవలేదు కదండీ" అన్నాను. ఆ జవాబు తప్పు. అప్పటికి నాకు తెలీదు తప్పని, కానీ ఇంటికొచ్చాక కూడా ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే మే నెలలో పాలకొల్లు చుట్టుపక్కల రిఫరీ క్లాసు పెడుతున్నారని వాట్సాప్‌లో పోస్టర్ రాగానే భీమవరంలో నేను పనిచేసే ఫీడు షాపులో రెండు రోజులు సెలవడిగేసి బస్సెక్కాను.

స్కూలు గ్రౌండు, పక్కనే కాలవ, ఎండాకాలం కదా కాలవ కట్టేశారు, బురద వాసన. 40 మంది దాకా వచ్చారు, ఎక్కువ పీఈటీ సార్లు, కాలేజీ కుర్రాళ్ళు, ఇద్దరు అమ్మాయిలు, నాలాగ ఉద్యోగాలు చేసుకుంటూ పండక్కి విజిల్ పట్టేవాళ్ళు ఓ పదిమంది. చెప్పిన మాస్టారు చాలా ఏళ్ళు మ్యాచులు ఆడించినాయన, గొంతు గట్టిది, మైకు లేకపోయినా వెనక్కి వినబడింది.

ఆయన మొదటి ప్రశ్నే నన్ను కుర్చీలో సర్దుకునేలా చేసింది. "షాట్ ఎప్పుడు మొదలవుద్ది?" అనడిగారు. సగం మంది "బాల్ చేతిలోంచి వదిలినప్పుడు" అన్నారు, మిగతా సగం, అందులో నేనూ, "కాళ్ళు నేల వదిలినప్పుడు" అన్నాం. రెండూ తప్పే. మనం ఇండియాలో ఆడేది ఫిబా, అంటే అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య, రూల్స్ మీద కదా, వాటి ప్రకారం నిలబడి కొట్టే షాటూ జంప్ షాటూ అయితే, ఆటగాడు బాల్‌ని రింగు వైపు పైకి కదపడం మొదలుపెట్టాడని రిఫరీకి అనిపించిన క్షణంలో షాట్ మొదలవుద్ది. కాళ్ళతో పనిలేదు. బాల్ ఇంకా ఛాతీ దగ్గరే ఉండొచ్చు, పైకి కదిలిందా లేదా అన్నదే లెక్క.

దూసుకొచ్చి కొట్టే లేఅప్‌కి లెక్క వేరు. అక్కడ డ్రిబుల్ అయిపోయి, లేదా గాల్లో పాస్ అందుకుని, బాల్ చేతుల్లో నిలిచిపోయి, అక్కణ్ణించి షాట్ కదలిక మొదలుపెట్టాడని రిఫరీకి అనిపిస్తే అప్పట్నించే షాట్‌లో ఉన్నట్టు. అంటే మొదటి అడుగులో కొట్టినా షాట్ ఫౌలే, ఇంకా పైకి లేవక్కర్లేదు. ఆ మాట విన్నాక కాసేపు నేను ఏమీ రాసుకోలేకపోయానండీ. కనుమ రోజు కుర్రాడు కళ్ళ ముందు నిలబడ్డాడు. బాల్ రెండు చేతుల్లో, మొదటి అడుగు, మోచేతి మీద దెబ్బ. రెండు ఫ్రీ త్రోలు ఇవ్వాలి వాడికి. రెండూ పడుంటే గెలిచేవాళ్ళు, ఒకటి పడినా సమానం అయ్యేది.

తర్వాత బయట కోర్టు మీద చేయించింది ఈ క్లాసు మొత్తంలో బెస్ట్. ఒక కాలేజీ కుర్రాణ్ణి లేఅప్ మెల్లగా, సగం స్పీడులో వెయ్యమన్నారు. మేమందరం బేస్‌లైన్, అంటే రింగు వెనకున్న గీత, దగ్గర నిలబడి షాట్ మొదలైందనిపించగానే చప్పట్లు కొట్టాలి. మొదటి రౌండులో ఒకళ్ళు ఒకచోట, ఇంకొకళ్ళు ఇంకోచోట, చిల్లర పోసినట్టు చప్పట్లు, దాదాపు అందరం లేటు. పదిసార్లు చేయించాక చప్పట్లు ఒకేసారి పడ్డం మొదలయ్యాయి. అప్పుడు ఆ కుర్రాణ్ణే ఫుల్ స్పీడులో వెయ్యమన్నారు, మళ్ళీ చిందరవందర. మళ్ళీ పది. తర్వాత షాట్‌కి వెళ్తున్నట్టే వెళ్ళి పాస్ ఇచ్చెయ్యమన్నారు, ఎందుకంటే షాట్ కదలికలో ఉండగా ఫౌల్ జరిగినా ఆ తర్వాత అతను బాల్ పాస్ చేసేస్తే ఇంక షాట్‌లో ఉన్నట్టు లెక్క కాదు. కాబట్టి విజిల్ కొట్టాక కూడా బాల్ ఎటు పోయిందో చూసే, ఎన్ని ఫ్రీ త్రోలో చెప్పే వేళ్ళు ఎత్తాలి. ఇది నేను ఏ పుస్తకంలో చదివినా ఇంత ఎక్కేది కాదు.

షాట్ ఎప్పుడు అయిపోద్ది అన్నది ఇంకో సంగతి. మనూళ్ళల్లో బాగా వినబడే వాదన ఏంటంటే "బాల్ వదిలేశాక తగిలింది కదండీ, ఇంకేం ఫౌలు" అని. అది తప్పండీ. ఎగిరి కొట్టినవాడు బాల్ వదిలేసినా, రెండు కాళ్ళూ తిరిగి నేల మీద పడేదాకా షాట్‌లో ఉన్నట్టే. గాల్లో ఉన్నవాడికి దిగే చోటు ఇవ్వాలి. ఎగిరిన చోటే దిగే హక్కు అతనికుంది, వేరే చోట దిగినా అతను ఎగిరేటప్పటికి ఆ చోటు ఖాళీగా ఉంటే అదీ అతనిదే, మధ్యలో ఎవడూ కాలు తోసుకుని రాకూడదు. మాస్టారు ఇక్కడ అమెరికా లీగు ఎన్‌బీఏలో 2017 సంగతి చెప్పారు, వెస్ట్రన్ కాన్ఫరెన్స్ ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో కవై లెనార్డ్ షాట్ కొట్టి దిగుతూ జాజా పచూలియా కాలి మీద దిగాడు, చీలమండ బెణికి ఆ సిరీస్‌లో మళ్ళీ ఆడలేదు. ఆ తర్వాతి సీజన్ నుంచి అలా కిందకి కాలు పెట్టడాన్ని అక్కడ మామూలు ఫౌల్‌తో వదలకుండా ఫ్లాగ్రెంట్, అంటే ప్రమాదకరమైన పెద్ద ఫౌల్, దాకా పెంచే వీలు తెచ్చారు. ఫిబాలో కూడా గాల్లో ఉన్నవాడి కిందకి దూరితే సాధారణంగా అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఫౌలే, మామూలుదానికన్నా పెద్దది. మన సిమెంటు కోర్టుల మీద అలా పడితే ఏమవుద్దో నాకు తెలుసు, మా టీములో ఒకడికి మోకాలు పోయి ఆట మానేశాడు. అందుకే ఈ భాగం ఆయన రెండుసార్లు చెప్పినా నాకు విసుగు రాలేదు.

కళ్ళు ఎక్కడ పెట్టాలి అన్నది అసలు పాఠం. అందరి కళ్ళూ బాల్ వెనకే పోతాయి, నావీ అంతే. షాట్ కొట్టగానే బాల్ ఎగురుద్ది, దాంతోపాటు నా తలకాయ కూడా పైకి లేచేది, కింద ఏం జరిగిందో చూసేవాణ్ణే కాదు. మాస్టారు ఒకటే మాట అన్నారు: "బాల్‌కి ఫౌల్ చెయ్యడం రాదండీ, డిఫెండర్‌కి వచ్చు, ఆయన్ని చూడండి." ఫిబా రిఫరీలకి నేర్పే పద్ధతుల్లో ఇదొక ముఖ్యమైనదంట, డిఫెన్స్‌ని చూడడం. షూటర్ సంగతి పక్కన పెట్టి, డిఫెండర్ తన చోట తనున్నాడా, ముందుకు జరిగాడా, చెయ్యి నిటారుగా ఉందా కిందకి వచ్చిందా అని చూస్తే ఫౌల్ అవునో కాదో దానంతటదే తెలుస్తుంది.

ఆ చోటు అంటే ఏంటో చూపించడానికి ముగ్గుపిండి తెప్పించారు. ఒక డిఫెండర్‌ని నిలబెట్టి చుట్టూ గీత గీశారు, ముందువైపు అరచేతుల దాకా, వెనక పిరుదుల దాకా, పక్కల చేతులూ కాళ్ళ బయటి అంచు దాకా. ఆ గీత మీంచి పైకి గొట్టంలాగ ఊహించుకోవాలి, దాన్నే సిలిండర్ అంటారు. ఆ గొట్టంలో వాడు నిటారుగా చేతులెత్తి పైకి ఎగరొచ్చు, అది వాడి ఆస్తి. షూటర్ వచ్చి గుద్దుకున్నా వాడిది తప్పు కాదు. చేతులు గీత దాటి ముందుకు వంగి షూటర్ ముంజేతి మీద పడ్డాయంటే ఫౌల్. షూటర్‌కి కూడా అలాంటి గీతే ఉంటుంది, మామూలుగా షాట్ కొట్టడానికి కావాల్సిన చోటు వాడికీ ఇవ్వాలి. మధ్యాహ్నం దాకా ఆ ముగ్గు తొక్కీ తొక్కీ కోర్టంతా తెల్లగా అయిపోయింది గానీ, నిటారుగా ఎగరడం, ముందుకు పడ్డం మధ్య తేడా ఆ గీత వల్లే కంటికి ఆనింది. ఇది బాగా చేసింది ఆ ఇద్దరమ్మాయిలు, చెయ్యి ఎక్కడ వంగిందో సరిగ్గా చెప్పేశారు.

చూడాలంటే నిలబడే చోటు కూడా ఉండాలి కదండీ. షూటర్‌కీ డిఫెండర్‌కీ మధ్య సందు కనబడేచోట నిలబడాలి, ఎవరో ఒకరి వీపు వెనక ఉంటే ఊహించి విజిల్ కొట్టడం తప్ప చేసేదేం లేదు. పెద్ద మ్యాచుల్లో ముగ్గురుంటారు, లీడ్, సెంటర్, ట్రెయిల్. మన దగ్గర ఇద్దరే, కాబట్టి బేస్‌లైన్ దగ్గర ఉన్న లీడ్ బోర్డు కిందకొచ్చే డ్రైవులు చూసుకోవాలి, వెనకున్న ట్రెయిల్ బయటనించి కొట్టే జంప్ షాట్లు చూసుకోవాలి. ట్రెయిల్ ముందు ఆ షూటర్ రెండు కాళ్ళూ క్షేమంగా దిగేదాకా చూసి ఆ తర్వాతే బాల్ వైపు కన్ను తిప్పాలి. పరిగెత్తుతూ చూస్తే కన్ను కూడా ఊగిపోద్ది కాబట్టి ఆట మీదకొచ్చేసరికి ఆగి, కాస్త దూరం ఉంచుకుని, కదలకుండా చూడమన్నారు. నేనింతకాలం దగ్గరకెళ్తే బాగా కనబడుద్దనుకుని మీదమీదకి పోయేవాణ్ణి.

చప్పుడు మోసం చేస్తుందన్నది నాకు బాగా నచ్చిన ఇంకో పాయింటు. గట్టిగా 'ఫట్' మని వినబడగానే జనం "ఫౌల్ ఫౌల్" అని అరుస్తారు, మన చెయ్యి కూడా విజిల్ మీదకి పోద్ది. చాలాసార్లు ఆ చప్పుడు బాల్ మీద పడ్డ అరచేతిది, శుభ్రమైన బ్లాకు. మణికట్టు మీద దెబ్బకి అసలు చప్పుడే ఉండదు, వేళ్ళు తగిలి షాట్ వంకరపోద్ది అంతే. ఎన్‌బీఏ రూల్ బుక్‌లో అయితే బాల్‌ని పట్టుకుని ఉన్న చెయ్యి బాల్‌లో భాగం అని రాసేశారు, దాని మీద తగిలితే ఫౌల్ లేదు. మణికట్టు దాటి ముంజేతి మీదకి వచ్చిందంటే మాత్రం వేరే లెక్క.

తగిలిన ప్రతిదీ ఫౌల్ కాదు అన్నది చెప్పడం తేలిక, చెయ్యడం కష్టం. తగలడం వల్ల తగిలించినవాడికి అన్యాయంగా లాభం వచ్చిందా, షాట్ చెడిందా అన్నది చూడాలి. అందుకే విజిల్ తొందరపడి ఊదకుండా ఆట మొదలు, నడక, ముగింపు మూడూ చూడమన్నారు. ఒక టెక్నిక్ చెప్పారు, తగిలినట్టు కనబడగానే మనసులో "ఒకటి" అనుకుని అప్పుడు ఊదమని. ఆ "ఒకటి" లో డిఫెండర్ చెయ్యి వెనక్కి పోయిందా, షూటర్ బ్యాలెన్స్ తప్పాడా, బాల్ ఎక్కడికి పోయిందో మొత్తం కంటికి అందుద్ది. మొదట్లో భయం వేసింది, లేటుగా ఊదితే జనం అరుస్తారని. లేటుగా ఊదిన సరైన ఫౌల్, తొందరగా ఊదిన తప్పు ఫౌల్ కంటే ఎంతో మేలు అని ఇప్పుడు నమ్ముతున్నాను.

సిగ్నల్స్ త్వరగానే అయిపోయాయి. షాట్ ఫౌల్ అయితే పిడికిలి ఎత్తి ఎన్ని ఫ్రీ త్రోలో అన్ని వేళ్ళు చూపించాలి, షాట్‌లో లేకపోతే పిడికిలి ఎత్తి నేల చూపించాలి. బాల్ పడితే బాస్కెట్ లెక్కేసి ఇంకో ఫ్రీ త్రో, పడకపోతే రెండు, 6.75 మీటర్ల గీత బయటనించి కొట్టిందైతే మూడు. క్వార్టర్‌కి నాలుగు టీమ్ ఫౌల్స్ దాటాక అయితే షాట్‌లో లేకపోయినా రెండు వస్తాయి, అందుకే స్కోరు టేబుల్ దగ్గర ఫౌల్ లెక్క సరిగ్గా రాయించుకోమని ఒకటికి రెండుసార్లు చెప్పారు. కనుమ రోజు అది మూడోది కాబట్టే నా తప్పు అంత ఖరీదైంది. అదే ఐదోదై ఉంటే నేల చూపించినా కుర్రాడికి ఎలాగూ రెండు ఫ్రీ త్రోలు వచ్చేవి.

కుర్రాళ్ళు ఎన్‌బీఏ రీల్స్ చూసొచ్చి వాదిస్తారు కదా, దాని మీద ఒక గంట పెట్టారు, అది చాలా అవసరం. షూటర్ కావాలని కాలు పక్కకి చాపడం, డిఫెండర్ మీదకి ఒరిగిపోయి షాట్ కొట్టినట్టు నటించడం, ఇవన్నీ ఎన్‌బీఏలోనే 2021-22 సీజన్ నుంచి షూటర్ పక్కన తీర్పు ఇవ్వకుండా ఆపేశారు. మావాళ్ళు మాత్రం ఇంకా పాత వీడియోలు చూసి నేర్చుకున్నవే చేస్తున్నారు. అక్కడ 12 నిమిషాల క్వార్టర్లు, ఆరో ఫౌల్‌తో బయటికి, మన దగ్గర 10 నిమిషాలు, ఐదో ఫౌల్‌తో బయటికి. ఫౌల్ తగిలినట్టు పడిపోయి నటిస్తే ఫిబాలో ముందు హెచ్చరిక, మళ్ళీ చేస్తే టెక్నికల్ ఫౌల్. మా లీగుల్లో ఈ హెచ్చరిక ఇచ్చిన రిఫరీని నేను చూడలేదు, ఈసారి ఇస్తాను.

భోజనాల తర్వాత నిద్ర రాకుండా ఉండడానికేమో మాస్టారు ఆట పుట్టుక చెప్పారు. 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో నేస్మిత్ రాసిన 13 రూల్స్‌లో ఫ్రీ త్రో అన్నదే లేదంట. ఒక టీము వరసగా మూడు ఫౌల్స్ చేస్తే అవతలి టీముకి ఏకంగా ఒక గోల్ ఇచ్చేసేవారు. షాట్‌లో కొట్టాడా, షాట్‌కి ముందు కొట్టాడా అన్న గొడవే లేదు అప్పుడు. ఇప్పుడు మనం ఆ రెంటి మధ్య సెకనులో పదో వంతు కోసం ఇంత కష్టపడుతున్నాం, ఎందుకంటే పిల్లలు ఆ ఒక్క సెకను కోసమే రోజూ పొద్దున్నే లేచి ప్రాక్టీసు చేస్తారు.

ఇక ఆ ఒక్క మార్కు. ఒకటి, ఇచ్చిన కాగితాలు మొత్తం ఇంగ్లీషులో, అదీ చిన్న అక్షరాల జిరాక్సు. పీఈటీ సార్లకి ఇబ్బంది లేదేమో గానీ నా పక్కన కూర్చున్న కుర్రాడు పేజీ తిప్పి తిప్పి పక్కన పెట్టేశాడు. నోటితో తెలుగులో అంత బాగా చెప్పినవాళ్ళు రెండు పేజీలు తెలుగులో టైపు చేయించలేరా అని నా బాధ. రెండు, వీడియోలు. పట్టపగలు కిటికీలు తెరిచిన హాల్లో లాప్‌టాప్ పెట్టి చూపించారు, వెనక రెండు వరసలకి ఏమీ కనబడలేదు, మధ్యలో కరెంటు పోయి రెండు గంటలు రాలేదు. స్లో మోషన్‌లో చూస్తేనే ఈ విషయం బుర్రకెక్కేది, అక్కడే దెబ్బ తగిలింది. మూడు, రెండో రోజు ప్రాక్టీసు మ్యాచ్‌లో ఒక్కొక్కరికీ నాలుగు నిమిషాలే విజిల్. నాకు ఆ నాలుగు నిమిషాల్లో ఒక్క షాట్ ఫౌల్ కూడా రాలేదు. 40 మందిని తీసుకోకుండా 20 మందిని తీసుకుని 1000 రూపాయలు తీసుకున్నా ఇచ్చేవాణ్ణి.

ఇచ్చిన విజిల్ లోపల గింజ ఉన్న రకం. ఉమ్మి తడిసినా దుమ్ము పట్టినా గింజ ఇరుక్కుని మూగబోద్ది. కెనడా రిఫరీ రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్‌కి కూడా మ్యాచ్ మధ్యలో గింజ ఇరుక్కుని మోగకపోతేనే కదా గింజ లేని విజిల్ చేయించి 1987 లో ఫాక్స్ 40 అని అమ్మకానికి తెచ్చాడు. ఎవరి విజిల్ వాళ్ళు తెచ్చుకోమని ముందే చెప్పేస్తే సరిపోయేది.

సర్టిఫికెట్ గురించి కూడా చెప్పాలి, ఇది కొంచెం బాధగా రాస్తున్నాను. పోస్టర్ చూసినవాళ్ళకి దీంతో పెద్ద మ్యాచులు ఆడించొచ్చు అన్నట్టుంది. వచ్చింది హాజరైనట్టు కాగితం మాత్రమే, అదీ మూడు వారాలకి, వాట్సాప్‌లో, నా ఇంటిపేరు తప్పుతో. రాష్ట్ర స్థాయి మ్యాచులకి వేరే పరీక్షలుంటాయి అన్నది మొదటి రోజు పొద్దున్నే చెప్పుండాల్సింది. కాకినాడ నుంచి ఉద్యోగానికి పనికొస్తుందనుకుని వచ్చిన ఒకతను రెండో రోజు సాయంత్రం మొహం వేలాడేసుకుని వెళ్ళాడు, అది చూస్తే మనసొప్పలేదు.

భోజనం మాత్రం చాలా బాగుంది. పులిహోర, ముద్దపప్పు, ఆవకాయ, గోంగూర, గడ్డ పెరుగు. లేటుగా పెట్టారు, రెండున్నరైంది, కానీ పెట్టినవాళ్ళు ప్రేమగా పెట్టారు, మళ్ళీ మళ్ళీ వడ్డించారు.

ఈ క్లాసు పనికొచ్చిందా లేదా అన్నది నేను జూన్ చివర్లో చూసుకున్నాను. నరసాపురం వైపు ఒక చిన్న ఆహ్వాన టోర్నమెంటు, వానకి కోర్టు తడి, ఆపి ఆపి ఆడిస్తున్నాం. నేను లీడ్‌లో ఉన్నాను. ఒక పిల్లాడు కుడివైపునించి వచ్చాడు, డ్రిబుల్ ఆగింది, బాల్ చేతుల్లో, మొదటి అడుగు, డిఫెండర్ తుంటి తగిలించాడు. ఈసారి నా కళ్ళు బాల్ మీద లేవు, ఆ డిఫెండర్ నడుము మీద ఉన్నాయి, వాడు పక్కకి జరగడం నాకు కనబడింది. "ఒకటి" అనుకున్నాను. పిల్లాడు తూలి బాల్ బోర్డుకి తగిలించాడు, పడలేదు. ఊదాను, పిడికిలి ఎత్తాను, రెండు వేళ్ళు చూపించాను. ఆ డిఫెండర్ టీము కోచ్ లేచి "ఇంకా లేవలేదు కదండీ సార్" అన్నాడు, అచ్చం కనుమ రోజు నేనన్న మాటే. బాల్ చేతుల్లో ఆగాక షాట్ కదలిక మొదలైందండీ, లేవక్కర్లేదు అని చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి కూర్చున్నాడు.

దసరా సెలవుల్లో ఇంకో బ్యాచ్ పెడతామన్నారు. వెళ్ళేవాళ్ళు గింజ లేని విజిల్ ఒకటి కొనుక్కుని వెళ్ళండి, రెండు సీసాల నీళ్ళు, తెల్ల కాగితాల పుస్తకం, గట్టి బూట్లు. హాల్లో ముందు వరసలో కూర్చోండి. కోర్టు మీదకి తీసుకెళ్ళినప్పుడు వెనక్కి పోకండి, బేస్‌లైన్ దగ్గర, రింగుకి కాస్త పక్కగా నిలబడండి, అక్కణ్ణించే ఆ ముగ్గు గీత లోపలా బయటా ఏం జరుగుతుందో సరిగ్గా కనబడుద్ది. ఆ కనుమ ఫైనల్ ఊరివాళ్ళు వచ్చే సంక్రాంతికి కూడా నన్నే రమ్మన్నారు. ఆ కుర్రాడు ఇంకా ఆడుతున్నాడో లేదో కనుక్కున్నాను, ఆడుతున్నాడంట. మ్యాచ్‌కి ముందే వాళ్ళ బాబాయి దగ్గరకెళ్ళి ఆ రోజు మీరడిగిందే కరెక్టండీ అని చెప్తాను.